“క్రైస్తవంలో కులం లేదు” అన్న మాట గురించి: రిటైరయ్యాక చదివింది, చూసింది

మీరు అడిగింది ఇది: “రిటైరైన కాథలిక్కులు ఎవరైనా చెప్పగలరా? పుస్తకాలు, ప్రయాణాలు మీ విశ్వాసాన్ని, రాజకీయ అభిప్రాయాలను మార్చాయా?”

విశ్వాసం మారలేదు, ఇంకా గట్టిపడింది. రాజకీయ అభిప్రాయాలు మాత్రం చాలా మారాయి. నా విషయంలో ఈ రెండూ ఒకే చోట ముడిపడి ఉన్నాయి కాబట్టి విడదీయకుండా చెబుతాను. కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మాది గుంటూరు జిల్లా. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పుట్టుకతో ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్. ధాత కరువు (1876-78) తర్వాతి రోజుల్లో మా పేటలో పెద్దలు జ్ఞానస్నానం తీసుకున్నారని మా నాయనమ్మ చెప్పేది. ఇంట్లో అందరివీ రాయప్ప, చిన్నప్ప, శౌరయ్య, ఇన్నాసమ్మ లాంటి పేర్లే. సర్టిఫికెట్ మీద మాత్రం మేము బీసీ-సి. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను, వాళ్ల సంతానాన్ని మన దగ్గర బీసీ-సి అంటారు. రిజర్వేషన్ ఒక శాతం. నాకు ఉద్యోగం ఆ ఒక్క శాతంలోనే వచ్చింది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ చదువంటే టెక్స్ట్ బుక్కులు, పేపరు. బైబిలు ఆదివారం పూజలో వినేదే తప్ప ఇంట్లో వరసగా చదివింది లేదు. రిటైరయ్యాక మొదట ఆ పనే పెట్టుకున్నాను. ఆదికాండం నుంచి దర్శన గ్రంథం దాకా 73 గ్రంథాలూ, పొద్దున్నే జపమాల అయ్యాక, పక్కన పెన్సిల్ పెట్టుకుని చదివాను. గుడిలో ముక్కలు ముక్కలుగా విన్నదానికీ దీనికీ చాలా తేడా ఉంది. ప్రవక్తల దగ్గరకు వచ్చేసరికి నేను ముందుకు కదల్లేకపోయాను. ఆమోసు అనే ఆయన తెకోవ ఊళ్లో గొర్రెలు కాసుకునేవాడు, అత్తి చెట్ల పని చేసేవాడు. క్రీస్తుకు ముందు 8వ శతాబ్దం మనిషి. చెప్పుల జత కోసం పేదవాణ్ణి అమ్ముకుంటున్నారని పెద్దల మొహం మీదే అన్నాడు. మీ పండగలూ పాటలూ దేవుడికి అక్కర్లేదు, న్యాయం పారనివ్వండి అన్నాడు. బేతేలు గుడి పూజారి ఆయన్ని మీ ఊరికి పొమ్మని తరిమాడు. ఫాదర్లు రాజకీయాలు మాట్లాడకూడదని వాదించేవాళ్లకు నేను ఈ ఒక్క గ్రంథం చదవమని చెబుతున్నాను. తొమ్మిదే అధ్యాయాలు, ఒక పూటలో అయిపోతుంది.

యాకోబు లేఖ రెండో అధ్యాయం ఇంకా దగ్గరగా తగిలింది. ప్రార్థన జరిగే చోటికి బంగారు ఉంగరం పెట్టుకున్న ఆయన వస్తే మంచి చోటు చూపిస్తారు, మాసిన బట్టల పేదవాడు వస్తే అక్కడ నిలబడు, లేదా నా కాళ్ల దగ్గర కూర్చో అంటారు. ఇది తప్పు అని ఆ లేఖ రాసినాయన సూటిగా చెబుతాడు. మా ప్రాంతంలో రెడ్లు, కమ్మవారు కూడా కాథలిక్కులు ఉన్నారు. రెడ్లలో కొన్ని కుటుంబాలు మాకంటే నూరేళ్ల ముందే ఈ మతంలోకి వచ్చాయి. నా చిన్నప్పుడు మా ఊరి గుడిలో ముందు ఎవరు కూర్చుంటారో, వెనక ఎవరు కూర్చుంటారో ఎవరూ చెప్పక్కర్లేదు, పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు గుడిలో ఆ తేడా దాదాపు పోయింది. శ్మశానంలో పోలేదు. మధ్యలో గోడ ఉంది, ఇటు మావాళ్లు, అటు వాళ్లు.

అంబేడ్కర్ క్రైస్తవుల గురించి రాసిన వ్యాసాలు కూడా ఈ వయసులోనే చదివాను. మతం మారినవాడి పరిస్థితి ఏమైందని ఆయన అడిగిన ప్రశ్నలు చాలా కఠినంగా ఉంటాయి. గుడిలో కులం ఎందుకు మిగిలిందని అడుగుతాడు, చదువుకున్న క్రైస్తవులు తోటివాళ్ల కోసం ఎందుకు నోరు విప్పరని అడుగుతాడు. నాకు కోపం రాలేదు, మనసు మాత్రం స్థిమితంగా లేదు. మా వినుకొండ జాషువా 1941లో గబ్బిలాన్ని దూతగా చేసి శివుడి దగ్గరకు పంపించాడు కదా, అది బళ్లో పాఠంగా చెప్పినప్పుడు పద్యాల అందమే చెప్పేవాణ్ణి. గుడిలోకి వెళ్లలేని మనిషి, వెళ్లగలిగిన గబ్బిలానికి తన బాధ చెప్పుకోవడం అన్నది ఇప్పుడు చదివితే వేరేగా ఉంది.

ఇక ప్రయాణాలు. విజయవాడ గుణదల మరియమాత తిరునాళ్లకు ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో వెళ్తూనే ఉన్నాం, అది ప్రయాణం కింద లెక్క కాదు. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, బొట్టు పెట్టుకున్న అక్కలు, అందరూ కొండ ఎక్కుతారు. ఏ మతం అని అక్కడ ఎవరూ అడగరు, నాకు అది ఎప్పుడూ ఇష్టం. వేళాంగణి వెళ్లాం. గోవాలో 2024 నవంబరు నుంచి 2025 జనవరి దాకా పునీత ఫ్రాన్సిస్ శౌరివారి (సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్) భౌతికకాయాన్ని దర్శనానికి పెట్టినప్పుడు కూడా వెళ్లాం. పదేళ్లకొకసారి వచ్చే అవకాశం, మా ఇంటావిడ ఊరుకోలేదు. క్యూ పెద్దదే అయినా ఏర్పాట్లు బాగున్నాయి.

నన్ను నిజంగా కదిలించిన ప్రయాణం వీటిలో ఏదీ కాదు. తమిళనాడు కొసన, నాగర్‌కోయిల్ చుట్టుపక్కల తిరిగింది. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ దేవసహాయం గారిని పునీతుడిగా ప్రకటించారు. గురువు (ఫాదర్) కాని మామూలు గృహస్థుల్లో మన దేశం నుంచి పునీతుడైన మొదటి వ్యక్తి ఆయనే. ఆ వార్త చూసినప్పటి నుంచి ఆ ఊళ్లన్నీ చూడాలనుకున్నాను.

ఆయన 1712లో నట్టాలం అనే ఊళ్లో పుట్టారు. అసలు పేరు నీలకంఠ పిళ్లై, తిరువాన్కూరు రాజు మార్తాండవర్మ కొలువులో పని. 1741లో కొలచెల్ యుద్ధంలో రాజుగారి సైన్యం డచ్చివాళ్లను ఓడించి, డి లనోయ్ అనే కెప్టెన్ను పట్టుకుంది. ఆ డచ్చి ఆయనే తర్వాత రాజుగారి సైన్యానికి శిక్షణ ఇచ్చాడు. నీలకంఠానికి ఇంట్లో నష్టాలు వచ్చి దిగులుగా ఉన్నప్పుడు, ఈ డి లనోయ్ ఆయనకు యోబు కథ చెప్పాడట. అన్నీ పోగొట్టుకుని కూడా దేవుడితో వాదించి, చివరికి దేవుణ్ణి విడవని యోబు. ఒక పుస్తకంలోని ఒక కథ విని ఒక మనిషి జీవితం మలుపు తిరిగింది. చదువు గురించి అడిగారు కాబట్టి ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. 1745 మే 14న వడక్కన్‌కుళంలో ఒక జెస్విట్ (యేసు సభ) గురువు చేతుల మీదుగా జ్ఞానస్నానం తీసుకుని దేవసహాయం అయ్యారు. ఆ తర్వాత తక్కువ కులాలు అనబడేవాళ్లతో కలిసి కూర్చుని తిన్నారు. 1749లో అరెస్టు చేశారు, దున్నపోతు మీద ఎక్కించి ఊరేగించారు, 1752 జనవరి 14న కాట్టాడిమలై మీద కాల్చి చంపారు. ఆయన్ని చంపింది మతం వల్లా లేక కొలువులోని వేరే కారణాల వల్లా అని చరిత్ర రాసేవాళ్లలో వాదన ఉంది. నా మటుకు నాకు, కులం గీత దాటి ఒక పంక్తిలో కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న నేరం కాదు. పునీతుడిగా ప్రకటించేటప్పుడు వాటికన్ ఆయన పేరులోంచి పిళ్లై అనే కులం పేరు తీసేసింది. మంచి పని చేసింది.

కోట్టార్ గుడిలో ఆయన సమాధి దగ్గర ప్రార్థించుకుని వడక్కన్‌కుళం వెళ్లాం. ఆయన జ్ఞానస్నానం తీసుకున్న ఊరు, ఆయన భార్య జ్ఞానపూ అమ్మాళ్ సమాధి ఉన్న ఊరు. అక్కడి గుడి చరిత్ర నేను ముందే చదివి వెళ్లాను, అయినా కాళ్లు ఒక చోట నిలవలేదు. కులం గీత దాటినందుకు ప్రాణం పోగొట్టుకున్న మనిషి ఊళ్లో, నూరేళ్లు దాటాక, 1872లో కులం గీత గీసి మరీ గుడి కట్టారు. రెండు పొడవాటి హాళ్లు, రెండూ ముందు ఒకే పీఠం దగ్గర కలుస్తాయి. ఒక హాలు పై కులం వెల్లాలలకు, రెండోది మిగతా కులాలకు. మధ్యలో గోడ. పీఠం దగ్గర నిలబడ్డ గురువుకు రెండు పక్కలా కనిపిస్తాయి, రెండు పక్కలవాళ్లకూ ఒకరికొకరు కనపడరు. ఆకారాన్ని బట్టి దాన్ని ప్యాంటు గుడి అనేవాళ్లట.

1910లో ఆ గోడ పగలగొట్టారు. పై కులంవాళ్లు ఊరుకోలేదు, బిషప్ మీద కోర్టుకు వెళ్లారు. మా హాలులో మేమే కూర్చునే హక్కు మాకుంది, వేరేవాళ్లు వస్తే మైల అన్నారు. మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదు. మీరు క్రైస్తవులు, క్రైస్తవంలో అంటు, మైల అనేవి లేవు, ఆ హక్కు మీకు లేదని తేల్చింది.

గుడి లోపల చాలాసేపు కూర్చున్నాం. మా ఇంటావిడ బయటికి వచ్చాక, “ఏవండీ, ఇక్కడ గోడ పడి నూరేళ్లు దాటింది కదా, మన శ్మశానంలో గోడకు ఇంకెంత కాలమండీ?” అంది. నాకు జవాబు తోచలేదు. తిరిగొచ్చాక మా విచారణలో (పారిష్‌లో) ఆ మాట ఎత్తాను, ఇంకా ఎత్తుతూనే ఉన్నాను. భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య 2016 డిసెంబరులో దళిత సాధికారత మీద ఒక విధాన పత్రం తెచ్చింది. సంఘంలో వివక్ష ఉందని అందులో ఒప్పుకుంది. ఆ కాగితం పట్టుకుని పెద్దల దగ్గరకు వెళ్తున్నాను. కొందరు వింటున్నారు. కొందరు “ఉన్న శాంతి పోగొట్టకండి మాస్టారూ” అంటున్నారు.

ఇప్పుడు రాజకీయాలు. వడక్కన్‌కుళంలో నా మనసులో పడిన విషయం ఇది. “క్రైస్తవంలో కులం లేదు” అన్న మాట ఆనాడు హైకోర్టులో గోడను కూలగొట్టింది. అదే మాట స్వాతంత్ర్యం వచ్చాక మా మొహం మీద తలుపు వేసింది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులం కాడు. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. ఆ రెండు మతాలూ కులాన్ని ఒప్పుకోవు, అయినా వాళ్లకు న్యాయం జరిగింది, సంతోషం. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. అందుకే ఆగస్టు 10ని దళిత క్రైస్తవులు నల్ల దినంగా పాటిస్తారు.

చెన్నైలో సూసై అనే ఒక చెప్పులు కుట్టే ఆయన కేసు ఉంది. రోడ్డు పక్కన కూర్చుని పనిచేసే ఎస్సీ చర్మకారులకు ప్రభుత్వం ఉచితంగా బంకులు (చిన్న కొట్లు) ఇచ్చింది. ఆయనకు ఇవ్వలేదు, క్రైస్తవుడు కాబట్టి. పక్కపక్కన కూర్చుని ఒకే పని చేసేవాళ్లు, ఒకరికి నీడ దొరికింది, ఒకరికి ఎండ మిగిలింది. సుప్రీంకోర్టు 1985లో ఆయన పిటిషన్ కొట్టేసింది. మతం మారాక కూడా అదే తీవ్రతతో వెనకబాటు కొనసాగుతోందని రుజువు చూపించాలంది. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మూడో పేరా తీసేయమని సిఫారసు చేసింది. మన అసెంబ్లీ 2009లో ఒకసారి, 2023 మార్చిలో మళ్లీ తీర్మానం చేసి కేంద్రానికి పంపింది. 2022 అక్టోబరులో ఇదే విషయం పరిశీలించమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేశారు, గడువు పొడిగిస్తూ వచ్చారు. నేను సర్వీసులో చేరకముందు నుంచీ ఇదే వరస.

ఈ పేరా ఇంట్లోకి ఎలా వస్తుందో చెబుతాను. మా దగ్గరి బంధువు ఒకాయన, పేరు చెప్పను, జీవితమంతా గుడికి వచ్చాడు. కాగితాల్లో హిందూ ఎస్సీ. పిల్లల ఉద్యోగాలు కూడా అలాగే. ఆయన చనిపోయినప్పుడు గుడిలో పూజ పెట్టించడానికి పిల్లలు భయపడ్డారు. ఎవరైనా ఫొటో తీసి ఫిర్యాదు చేస్తే ఉద్యోగాలు పోతాయని వాళ్ల టెన్షన్. చివరికి ఫాదర్ గారు చీకటిపడ్డాక ఇంటికి వచ్చి ప్రార్థన చేసి వెళ్లారు. సొంత తండ్రిని బాహాటంగా సాగనంపలేకపోయారు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి కేసులో, నమ్మకం లేకుండా కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. చట్టం ప్రకారం అది సరే కావచ్చు. కానీ నేను ఆ పిల్లల్ని మోసగాళ్లు అనలేను. ఊళ్లో వాళ్లను చూసే చూపు ఏ మతం పేరుతో మారింది కనుక?

ఎదుటి వాదన కూడా విన్నాను. ఇప్పటికే ఎస్సీ కోటా చాలడంలేదు, మీరొస్తే మా వాటా తగ్గుతుందని మాల, మాదిగ మిత్రులు అంటారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే నేను మూడో పేరా తీసేయడంతో పాటు జనాభాను బట్టి కోటా పెంచాలని అంటాను, వాళ్ల ముద్ద లాక్కోవడం నాకు ఇష్టం లేదు. రిజర్వేషన్ ఇస్తే మతమార్పిడులు పెరుగుతాయన్నది ఇంకో వాదన. డబ్బో సర్టిఫికెట్టో ఉన్నా లేకపోయినా నమ్మకం ఉన్నవాడు ఉంటాడు. మా పేటే సాక్ష్యం, ఎస్సీ హోదా లేకపోయినా ఇన్ని తరాలు ఉన్నాం.

జెరూసలేం ఎందుకు వెళ్లలేదని అడుగుతుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఆ యాత్ర సాయం ఆదాయాన్ని బట్టి 60 వేలు, 30 వేలు చేశారు. వెళ్లి వచ్చినవాళ్లు సంతోషంగా చెబుతారు, నేను ఎవరినీ తప్పుపట్టను. నా అభిప్రాయంలో ప్రభుత్వం ఏ మతం యాత్రకూ డబ్బు ఇవ్వక్కర్లేదు. పాస్టర్లకు నెలకు 5,000 ఇవ్వడం కూడా నాకు నచ్చదు. ప్రభుత్వం చేతి నుంచి తీసుకున్న నోరు ఆమోసులా మాట్లాడలేదు. ఆ డబ్బు బీసీ-సి పిల్లల హాస్టళ్లకు పెడితే నాకు ఎక్కువ సంతోషం.

ఫాదర్ స్టాన్ స్వామి గురించి చెప్పకుండా ఉండలేను. జార్ఖండ్‌లో ఆదివాసీల భూముల కోసం, జైళ్లలో మగ్గుతున్న యువకుల కోసం పనిచేసిన జెస్విట్. 2020 అక్టోబరు 8న ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం కింద అరెస్టు చేశారు. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణుకుతుంటే గ్లాసు పట్టుకోలేక, స్ట్రా ఉన్న సిప్పర్ కోసం కోర్టును అడగాల్సి వచ్చింది. 2021 జులై 5న, 84 ఏళ్ల వయసులో, కేసు విచారణకు రాకముందే ఆసుపత్రిలో పోయారు. మా గుడిలో ఆయన కోసం ప్రార్థిద్దామన్నప్పుడు, ఫాదర్లకు ఈ గొడవలెందుకని ఒకరిద్దరు అన్నారు. ఆ రోజు నేను గట్టిగానే మాట్లాడాను. వణికే చేతుల ముసలాయనకు నీళ్లు తాగే సాధనం ఇవ్వడానికి వారాలు పట్టిందంటే, దాని గురించి క్రైస్తవుడు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు?

సంతోషం కూడా ఉంది. 2022 ఆగస్టు 27న పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. కర్నూలు జిల్లా బిడ్డ, తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లో కూడా మొదటివారు. పోపు ఫ్రాన్సిస్ 2025 ఏప్రిల్ 21న, పాస్కా (ఈస్టర్) మర్నాడు, కన్నుమూశాక జరిగిన ఎన్నికలో ఆయన కూడా ఓటు వేశారు. మే 8 రాత్రి తొమ్మిదిన్నర దాటాక, కొత్త పోపు ఎన్నికయ్యారనడానికి గుర్తుగా వచ్చే తెల్లపొగ టీవీలో చూస్తూ, మా మనవరాలికి “ఆ తలుపుల వెనక మన తెలుగు ఆయన ఉన్నాడమ్మా” అని చూపించాను. కొత్త పోపు లియో అనే పేరు పెట్టుకోవడం నాకు బాగా నచ్చింది. 1891లో కార్మికుల కూలి గురించి, సంఘాల గురించి లేఖ రాసిన 13వ లియో పేరది. అందులో న్యాయమైన కూలి మీద రాసిన భాగాన్ని మా పేట కుర్రాళ్లకు తెలుగులో చెబుతున్నాను.

మీ ప్రశ్న కింద ఒకరు “ఇంతకీ ఏ పార్టీ?” అని అడిగారు. పార్టీ పేరు చెప్పను. ఓటడగడానికి వచ్చినవాళ్లందరినీ నేను అడిగేది ఒకటే: 1950 ఉత్తర్వు మూడో పేరా మీద మీ ఎంపీ పార్లమెంటులో ఎప్పుడు మాట్లాడాడు? చాలామందికి ఆ పేరా సంగతే తెలియదు. అసెంబ్లీ తీర్మానం చేసినవాళ్లు ఢిల్లీలో మౌనంగా ఉంటారు. క్రిస్మస్‌కు కేక్ కోయడానికి మాత్రం అన్ని పార్టీలవాళ్లూ వస్తారు.

మీరు కూడా ఈ దారిలో చదవాలనుకుంటే ఆమోసు, యాకోబు లేఖ, ఆ తర్వాత యోబు. వెళ్లాలనుకుంటే చెన్నైలో కన్యాకుమారి రైలెక్కి నాగర్‌కోయిల్‌లో దిగండి. కోట్టార్ గుడి ఊళ్లోనే ఉంది, కాట్టాడిమలై, వడక్కన్‌కుళం ఆటోలోనో బస్సులోనో చూసి రావచ్చు. రెండు రోజులు చాలు. డి లనోయ్ సమాధి ఉన్న ఉదయగిరి కోట, పద్మనాభపురం ప్యాలెస్ పక్కపక్కనే ఉంటాయి. ప్యాలెస్‌కు సోమవారం సెలవు, అది చూసుకుని టికెట్లు తీసుకోండి.